పదిహేడు వందల అడుగులు

కాజీపేట,
18-6-1978

చెల్లె సమ్మమ్మకు,

రైలు గేటు పక్కన కూర్చుని మీ అన్న ఎల్లస్వామి రాస్తున్నాడు. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. వానలు మొదలు కాలేదు. మీ మరిపెడ దిక్కు ఎట్లా ఉందో రాయి. మీ వదిన పూలమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది, అటు వచ్చేవాళ్లు ఎవరైనా దొరికితే పంపుతానంటున్నది.

అసలు సంగతికి వస్తాను. సెప్టెంబరులో గేట్‌మన్లందరికీ రూల్సు పరీక్ష ఉంది. మూడేళ్లకోసారి పెట్టేదే. పోయినసారి నేను మొదట తప్పి, రెండో తడవ ఎట్లాగో గట్టెక్కాను. ఈసారి రెండో తడవ లేదంటున్నారు. తప్పినవాణ్ణి గేటు మీద నుంచి తీసి మళ్లీ పట్టాల గ్యాంగులో వేస్తారు. నా ఎడమ మోకాలు గ్యాంగులో ఉన్నప్పుడే చితికింది, అందుకే కదా నన్ను గేటుకు మార్చింది. ఈ కాలితో పొద్దంతా కంకర కొట్టమంటే నా వల్ల అవుతుందా? ఈ క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాల్సి వస్తుంది.

పుస్తకం తెలుగులోనే ఉంది. చదువుతుంటే అంతా అర్థమవుతుంది. మూసి పెడితే ఒక్క ముక్క మిగలదు. అన్నింటికంటే కష్టం ఒక ప్రశ్న ఉంది. పట్టాల మీద రోడ్డు బండి ఏదైనా ఇరుక్కుపోతే గేట్‌మన్ ఏం చెయ్యాలి? రైలు వచ్చే దిక్కుకు ఎర్రజెండా పట్టుకుని ఉరకాలి. ఆరు వందల మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాకా బిగించాలి, పన్నెండు వందల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు. చక్రం ఎక్కగానే అవి పేలుతాయి, ఆ చప్పుడుకు డ్రైవరు బండి ఆపుతాడు. ఇంతే సంగతి. నేను ఆరు వందల దగ్గర మూడంటాను, పన్నెండు వందల దగ్గర ఒకటంటాను. మొన్న మీ వదిన పుస్తకం పట్టుకుని నన్ను అడుగుతుంటే నవ్వాగక అన్నం మాడగొట్టింది.

నువ్వు అంతమంది పిల్లలకు ఎక్కాలు నేర్పిస్తావు కదా. వాళ్ల బుర్రలో అవి ఎట్లా నిలుస్తాయో నాకు చెప్పు. నవ్వకు.

మీ అన్న
ఎల్లస్వామి

---

మరిపెడ,
27-6-1978

అన్నా,

నవ్వాను. క్షమించు. ఏ రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమో కూత విని చెప్పేవాడివి, నీకు మతిమరుపేమిటి? నీది మరుపు కాదు, నువ్వు నేర్చుకునే పద్ధతి తప్పు.

మా బడిలో యాభై ముగ్గురు పిల్లలు, టీచర్ని నేనొక్కదాన్ని. మూడో తరగతి పిల్లవాణ్ణి నిద్రలో లేపి అడిగినా పదమూడో ఎక్కం చెప్తాడు. ఎట్లాగంటావా? నేను కళ్లతో చదవనియ్యను. నిలబెట్టి, చేతులు ఊపిస్తూ, గట్టిగా అరిపిస్తాను. రోజూ అదే వేళ, అదే వరస. ఒక్క రోజు కూడా మార్చను.

నువ్వూ పుస్తకం మూసెయ్. రోజూ ఒక వేళ పెట్టుకో. జెండా పట్టుకుని నిజంగానే నడువు. పైకి లెక్కపెట్టుకుంటూ పో. పటాకాలు పెట్టాల్సిన చోట రాళ్లు పెట్టు. నోరు మరిచిపోతే కాళ్లు గుర్తు చేస్తాయి. వేళ మార్చకు, వరస మార్చకు, తొవ్వ మార్చకు. నెల తర్వాత నాకు రాయి.

తొక్కు సంగతి ఏమైంది?

నీ చెల్లె
సమ్మమ్మ

---

కాజీపేట,
2-8-1978

చెల్లె సమ్మమ్మకు,

నువ్వు పిల్లలనే కాదు, పెద్దవాళ్లను కూడా సతాయించగలవని తెలిసింది. నెల రోజులుగా నడుస్తున్నాను. పొద్దున పది గంటల సామాను బండి పోగానే గేటు మీ వదినకు అప్పగించి, జెండా చుట్టి చంకలో పెట్టుకుని, వరంగల్ దిక్కు బయలుదేరతాను. నా నడకకు ఆరు వందల మీటర్లంటే ఎనిమిది వందల యాభై అడుగులు, అక్కడ ఒక రాయి. పన్నెండు వందల మీటర్లంటే పదిహేడు వందల అడుగులు, అక్కడ మూడు. మొదటి వారం జనం చూసి నవ్వారు. ఒక ముసలామె మీ వదినను పక్కకు పిలిచి, "గేటాయనకు ఏమన్న గాలి సోకిందా బిడ్డా? పట్టాల మీద రాళ్లు ఏరుకుంట పోతాండు," అని అడిగిందట. రాళ్లు పట్టా మీద కాదు, పక్కన పెడుతున్నాను, అంత తెలివి లేకుండా లేను.

చెల్లె, నిజంగా నిలిచిపోయింది. ఇప్పుడు అడుగు వేస్తుంటే అంకె దానంతట అదే నోటికి వస్తున్నది.

ఒక్క అనుమానం. రైలు రెండు దిక్కుల నుంచీ వస్తుంది. మా దగ్గర రెండు లైన్లు. ముందు ఏ దిక్కు నుంచి బండి రావాల్సి ఉందో చూసుకుని ఆ దిక్కు ఉరకాలని పుస్తకంలో ఉంది. నేను మాత్రం రోజూ వరంగల్ దిక్కే పోతున్నాను. కాజీపేట దిక్కు పోవాలంటే వాగు మీద ఇనుప వంతెన దాటాలి. పట్టాల కింది స్లీపరు దిమ్మె మీద నుంచి ఇంకో దిమ్మె మీదికి కాలు చాపాలి, నడుమ సందుల్లోంచి నీళ్లు కనిపిస్తాయి. నా మోకాలు మొరాయిస్తుంది. అటు కూడా కొన్ని రోజులు నడవాలా? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

మీ అన్న
ఎల్లస్వామి

---

మరిపెడ,
11-8-1978

అన్నా,

అటూ ఇటూ వద్దు. ఇప్పుడే కుదురుకుంటున్నది, చెడగొట్టుకోకు. రెండు ఎక్కాలు ఒకేసారి మొదలుపెట్టిన పిల్లలు రెండూ కలగాపులగం చేస్తారు, నేను ఎన్నిసార్లు చూశానో. ఒక్క దిక్కే గట్టిగా పట్టుకో. అడుగులు ఏ దిక్కయినా అవే కదా, అవసరం వచ్చిననాడు అటు తిరిగి ఉరుకుతావు. వంతెన మీద పడి, ఉన్న కాలు కూడా విరగ్గొట్టుకుంటే వదిన నన్ను బతకనివ్వదు.

నా మనసు కూడా ఇవాళ బాగా లేదు. మొన్న మా బడికి తనిఖీ వచ్చింది. పిల్లలు పదమూడో ఎక్కం పెంకులు ఎగిరేటట్టు అప్పజెప్పారు. తనిఖీకి వచ్చినాయన సంతోషించి ఊరుకోవచ్చు కదా? "పదమూడు బస్తాలున్నయి, బస్తాకు ఏడు కుంచాల వడ్లు. మొత్తం ఎన్ని కుంచాలు?" అని అడిగాడు. ఒక్కడూ నోరు విప్పలేదు. నేను వెనక నుంచి "పదమూడేడ్లు" అన్నాను. అందరూ ఒక్కసారి "తొంభై ఒకటి!" అని అరిచారు. ఆయన నా దిక్కు చూసి నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కం వచ్చిందా లేదా చూడాలి గాని ఈ బస్తాల గోల ఎందుకు?

పరీక్షలో తడబడకు. అంకెలు రాకపోతే బల్ల కింద కాలు ఆడించు.

నీ చెల్లె
సమ్మమ్మ

---

కాజీపేట,
20-9-1978

చెల్లె సమ్మమ్మకు,

పాసయ్యాను! మొదటి తడవే!

ఇన్‌స్పెక్టరు వెంకట్రాజం గారు మాకు పైన. చాలా కటువు మనిషి. ఆయన ఆ ప్రశ్నే అడిగాడు. నేను కళ్లు మూసుకుని, కాలు ఆడిస్తూ గడగడా చెప్పేశాను. ఆయన పెన్ను కింద పెట్టి, "ఎల్లస్వామీ, పోయినసారి నువ్వేనా నా ముందల చెమటలు గక్కింది? ఎవలు నేర్పిన్రు?" అన్నాడు. "మా చెల్లె సార్, టీచరు," అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఇంకొక మాట విను. నేను నేర్చుకున్న పద్ధతి బాగుందని ఆయన పక్క గేట్లవాళ్లు ఆరుగురిని నాకు అప్పజెప్పాడు. సారంగపాణి అని కొత్తగా వచ్చినవాడున్నాడు, అతను మరీ చురుకు. వాళ్లకు నువ్వు రాసిందే చెప్తున్నాను. ఒక వేళ, ఒక వరస, ఒక దిక్కు. నాలుగో తరగతి చదివినవాణ్ణి, నన్ను అందరూ సారు అంటున్నారు.

దసరాకు తప్పకుండా రా. మీ వదిన సకినాలు చేస్తుంది.

మీ అన్న
ఎల్లస్వామి

---

మరిపెడ,
22-1-1979

అన్నా,

రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. సంక్రాంతికి ఒక కార్డు కూడా పడెయ్యలేదు. దసరాకు నేను రాలేదని ఇంత కోపమా? బడిలో మొక్కలు నాటించమని పైనుంచి ఆర్డరు వచ్చింది, కదలడానికి వీలు కాలేదని రాశాను కదా. నువ్వు పాసయ్యావని నేను ఇక్కడ ఎంతమందికి చెప్పుకున్నానో నీకేం తెలుసు? పాసయ్యాక చెల్లె అవసరం తీరిందనుకుంటాను. ఆరుగురికి సారువి అయ్యావు.

కోపం ఉంటే తిట్టు. మౌనంగా ఉంటే నాకు భయమవుతుంది.

సమ్మమ్మ

---

కాజీపేట,
3-2-1979

చెల్లె సమ్మమ్మకు,

కోపం కాదు. రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తున్నాను, నిదానంగా చదువు.

డిసెంబరు పద్నాలుగున పొద్దున పదకొండు దాటింది. పత్తి బస్తాల బండి ఒకటి గేటు దాటుతున్నది, అది పోగానే గేటు వేద్దామని నిలబడ్డాను. బండి కట్టయ్యది, ఆయనది ఇక్కడి పక్క ఊరే. సరిగ్గా పట్టాల నడుమ ఇరుసు విరిగింది. బండి రెండు లైన్లకూ అడ్డంగా కూలబడింది. మా గేటుకు ఇంకా ఫోను వెయ్యలేదు. కాజీపేట దిక్కు నుంచి ప్యాసింజరు వచ్చే వేళ. అది ఇరవై నిమిషాలు ఆలస్యమని నాకు తెలుసు, అంటే ఏ నిమిషానైనా రావాలి. ఈ మాట నేను నోటితో కూడా అన్నాను. "కట్టయ్యా, ఎడ్లను ఇప్పు, కాజీపేట దిక్కు నుంచి బండొస్తాంది!" అని అరిచి, జెండా, పటాకాల డబ్బా తీసుకుని ఉరికాను.

వరంగల్ దిక్కు ఉరికాను, చెల్లె.

ఎందుకో నన్ను అడగకు, చెప్పలేను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఉరికాను. తప్పుగా పోతున్నానన్న ఆలోచనే రాలేదు. ఎంత బాగా ఉరుకుతున్నానో అనిపించింది కూడా. మూడు వందల పది దగ్గర వెనక నుంచి మీ వదిన కేక వినిపించింది. "అటు గాదయ్యా! అటు గాదు!" వెనక్కి తిరిగేసరికి కూత వినిపించింది.

డ్రైవరు దూరం నుంచే పత్తి బండిని చూసి బ్రేకు వేశాడు. అందుకే రైల్లో ఎవరికీ ఏమీ కాలేదు. కట్టయ్య ఒక ఎద్దును విప్పి అవతలికి తోలాడు, రెండో దానికోసం వంగి ఉన్నాడు. ఇంజను మెల్లగానే వచ్చి తగిలింది. ఎద్దు అక్కడికక్కడే పోయింది. కట్టయ్య కుడికాలు పత్తి బండి కింద నలిగింది. వరంగల్ పెద్ద దవాఖానలో మోకాలి కింది నుంచి తీసేశారు.

నన్ను సస్పెండ్ చేశారు. ఈ నెల ఇరవైన ఎంక్వయిరీ. ఇప్పటిదాకా ఎవరూ నేను ఏ దిక్కు ఉరికానో అడగలేదు. "లైను కాపాడటానికి జెండాతో పరుగెత్తినాడు" అని మాత్రమే రాసుకున్నారు. మొన్న వెంకట్రాజం గారు ఇంటికి వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి, "వరంగల్ దిక్కు నుంచి సామాను బండి ముందు వస్తదనుకున్న, కూత ఇనబడ్డది అని చెప్పు. గంతే. నీ గేటు నీకుంటది. నిన్ను పాస్ జేసింది నేను, నాకూ మాట రాకుంటది," అన్నాడు.

అట్లా చెప్తే గేటు నిలుస్తుంది. కాని ఆ ఆరుగురు రోజూ ఒక్క దిక్కే నడుస్తున్నారు. నేను నేర్పిందే. నేను అబద్ధం చెప్తే వాళ్ల నడక తప్పని ఎవరికీ తెలియదు. నిజం చెప్తే గ్యాంగు. నా కాలు సంగతి నీకు తెలుసు. మీ వదిన అన్నం తినడం లేదు.

నీ మీద నాకేం కోపం లేదు. ఆ మాట రాయాలనే రాస్తున్నాను.

మీ అన్న
ఎల్లస్వామి

---

మరిపెడ,
9-2-1979

అన్నా,

వెంకట్రాజం గారు చెప్పినట్టే చెప్పు. ఒక్క మాట కూడా మార్చకు. నీకు ఇద్దరు ఆడపిల్లలు, కుంటికాలు, ఇల్లు లేదు. కట్టయ్య కాలు నువ్వు నిజం చెప్పినంత మాత్రాన తిరిగి రాదు. ఆ ఆరుగురి సంగతి తర్వాత నువ్వే ఒక్కొక్కరికి మెల్లగా చెప్పుకోవచ్చు.

ఇంకొకటి. నేను రాసిన ఉత్తరాలు, ముఖ్యంగా ఆగస్టుది, పొయ్యిలో పెట్టు. ఎవరి చేతిలోనైనా పడితే టీచరమ్మ నేర్పిందట అని పేపరు దాకా పోతుంది. నా ఉద్యోగం కూడా పోతుంది.

నన్ను నువ్వు తిట్టినా బాగుండేది. కోపం లేదని రాశావు, ఆ ఒక్క వాక్యమే మళ్లీ మళ్లీ తీసి చదువుతున్నాను. చీకటి పడితే కూత వినిపించినట్టే ఉంటున్నది, మా ఊరికి రైలే లేదు.

సమ్మమ్మ

---

కాజీపేట,
26-2-1979

చెల్లె సమ్మమ్మకు,

ఎంక్వయిరీ అయిపోయింది.

ముందు ఒక మాట ఒప్పుకుంటాను. కోపం లేదని రాసింది అబద్ధం. నీ ఉత్తరం అందాక రెండు రోజులు నీతో మనసులో కొట్లాడుతూనే ఉన్నాను. అటు కూడా నడవాలా అని నేను అడిగాను కదా! ఇన్ని చెప్పినదానివి, ఆ ఒక్కటి వద్దన్నావు. తర్వాత అనిపించింది, నువ్వు వద్దనకపోయినా నేను ఆ వంతెన ఎక్కేవాణ్ణి కాదు. వద్దంటావనే నిన్ను అడిగాను. నీ జవాబు చూసి ఎంత సంబరపడ్డానో నాకు తెలుసు.

ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. వెంకట్రాజం గారు పక్కన నిలబడ్డాడు. అన్నీ అడిగి, చివరికి కళ్లజోడు ఆఫీసరు, "ఏ దిక్కు నుంచి బండి వస్తదనుకుని ఉరికినవ్?" అన్నాడు. సామాను బండి మాట నాలుక మీదనే ఉంది. చెప్పాలనే వచ్చాను, నీతో నిజం చెప్తున్నాను. అప్పుడు కిటికీలోంచి సారంగపాణి కనిపించాడు. సాక్షిగా పిలిచినట్టున్నారు. నన్ను చూసి "భయపడకు సారూ" అన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"కాజీపేట దిక్కు నుంచి వస్తదని నాకెరుకే సార్. అయినా వరంగల్ దిక్కు ఉరికిన," అన్నాను.

"ఎరుకైతే ఎందుకు ఉరికినవయ్యా?"

"రోజూ గా దిక్కే నడిచిన సార్. ఇంకో ఆరుగురికి గట్లనే నేర్పిన. వాళ్లను గూడ జర పిలిచి చూడుండ్రి."

రాస్తున్న గుమాస్తా రాయడం ఆపేశాడు. వెంకట్రాజం గారు నేల చూపులు చూశాడు. మర్నాడు ఆ ఆరుగురిని వాళ్ల వాళ్ల గేట్ల దగ్గరే పరీక్ష పెట్టారు. బండి వచ్చే దిక్కు చెప్పి ఉరకమన్నారు. అయిదుగురు అలవాటైన దిక్కే బయలుదేరారట. అందులో సారంగపాణి ముందు. ఇప్పుడు వాళ్లందరినీ రెండు దిక్కులా నడిపిస్తున్నారు, ఒకనాడు అటు, ఒకనాడు ఇటు, ముందు చెప్పకుండా.

నన్ను గేటు మీద నుంచి తీసేశారు. ఉద్యోగం ఉంచారు, అదే ఎక్కువ. మార్చి ఒకటి నుంచి గ్యాంగు. క్వార్టరుకు పదిహేను రోజుల గడువిచ్చారు. వరంగల్‌లోనే మట్టెవాడలో ఒక గది చూశాం. వెంకట్రాజం గారు నాతో మాట్లాడటం మానేశాడు.

నీ పేరు ఎక్కడా రాలేదు. ఎవరు నేర్పారని అడిగితే నా బుద్ధే అని చెప్పాను, సంగతి తెలిసిన వెంకట్రాజం గారు కూడా కాదనలేదు. నువ్వు కాల్చమన్న ఉత్తరాలు కాల్చలేదు. కాల్చమని రాసిన ఉత్తరం మాత్రం కాల్చాను. అది నీ చేతిరాతలా లేదు.

మీ అన్న
ఎల్లస్వామి

---

వరంగల్,
12-3-1979

అన్నా,

మీ ఊళ్లోనే ఉండి నీకు ఉత్తరం రాస్తున్నాను. బస్టాండులో కూర్చున్నాను. మీ కొత్త గది వెతుక్కుంటూ రావచ్చు, వదిన ముఖం చూసే ధైర్యం లేదు. ఈ పూట క్షమించండి.

నీ ఉత్తరం చదివి వారం రోజులు బడిలో ఎక్కాలు చెప్పించలేదు. పిల్లలను బయటికి తీసుకుపోయి కుండలో నీళ్లు, బుట్టలో పిడకలు లెక్కపెట్టించాను. పదమూడో ఎక్కం వచ్చిన పిల్లలకు నాలుగు వరసల్లో ఆరేసి పిడకలు పేర్చమంటే చేతకాలేదు. తనిఖీకి వచ్చినాయన అడిగింది అప్పుడు అర్థమైంది. ఆయన నవ్వినప్పుడు అర్థమై ఉంటే నీకు ఆ ఆగస్టు ఉత్తరం రాసేదాన్ని కాదు. అవి రెండూ ఒక్క కాగితం మీదే రాశాను, అన్నా. పైన నీకు చెప్పిన సలహా, కింద ఆ బస్తాల మీద కోపం. రాసి, అంటించి, పోస్టు డబ్బాలో వేశాను.

ఇవాళ పొద్దున దవాఖానకు పోయాను. మగవాళ్ల వార్డులో చివరి మంచం. కట్టయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు, భార్య యాకమ్మ పక్కన నేల మీద ఉంది. నేనెవరో చెప్పాను. మా అన్న తన బుద్ధే అని చెప్పింది నిజం కాదని, ఒక్క దిక్కే నడవమని రాసింది నేనని చెప్పాను. దారి పొడుగునా కూడబలుక్కుని పోయిన మాటలు సగంలోనే ఆగిపోయాయి. ఏడ్చాను. యాకమ్మ నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

కట్టయ్య దుప్పటి కొసను తొడ మీదికి లాక్కున్నాడు. తర్వాత, "మీ అన్న మొన్ననే వచ్చిండమ్మా. గా మంచం పట్టె మీదనే కూసున్నడు. తప్పు నాదే అన్నడు. ఇయ్యాల నువ్వొచ్చి నీదంటున్నవ్. ఎవలన్న ఒక్కలు చెప్పుండ్రి. ఇద్దరు జెప్తాంటే నా కాలు రెండుసార్లు తీసినట్టున్నది," అన్నాడు.

నువ్వు పోయిన సంగతి నాకు రాయలేదు. రాయాల్సింది.

నేను లేచి దండం పెట్టి వచ్చేస్తుంటే ఆయన వెనక్కి పిలిచాడు. "టీచరమ్మా, గా గేటు కాడ ఇప్పుడెవలున్నరు? ఆయనకు రెండు దిక్కులు వచ్చునా? మా ఊరోళ్ల బండ్లన్ని గా తొవ్వకే పోతయి. రేపు నా కొడుకు బండి కట్టినా గదే తొవ్వ," అన్నాడు.

నాకు తెలియదన్నాను. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ఏడవడానికి వచ్చాను గాని, అడగాల్సిన ఆ ఒక్క మాట నీ దగ్గర అడిగి రాలేదు.

కొత్త గేట్‌మన్ ఎవరో, కాజీపేట దిక్కు ఎన్నిసార్లు నడిచాడో పోయి కళ్లారా చూసి రాయి. ఎవరో చెప్పారని రాయకు. ఆదివారం మళ్లీ దవాఖానకు వస్తాను. కట్టయ్య అడుగుతాడు.

నీ చెల్లె
సమ్మమ్మ